సీలింగ్ లైటు చెప్పే చిరునామా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెద్ద భవనాల లోపల జీపీఎస్ చేతులెత్తేసిన చోట ఎల్‌ఈడీ లైట్లూ ఫోను కెమెరా కలిసి మనం ఎక్కడ ఉన్నామో చెప్పగలవని పోయిన సంచికలో రెండు పేరాలు రాశాను. వాటికే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. అలాంటి లైట్లను బిగించి సరిచూసే ఇంజినీరుగా ఇది నాకు బాగా దగ్గరి విషయం, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఒకే సందేహం చాలామందికి వచ్చినప్పుడు ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. లైటు సెకనుకు వెయ్యిసార్లు వెలిగి ఆరుతుందని రాశారు. అది కంటికి కనపడదు, సరే. కానీ ఫోను కూడా వీడియోలో సెకనుకు 30 ఫొటోలే కదా తీస్తుంది? వెయ్యిసార్లు జరిగేదాన్ని 30 ఫొటోల్లో ఎలా పట్టుకుంటుంది? – ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, సరైన చోట పట్టుకున్నావు. ఈ పద్ధతి అంతా నువ్వు అడిగిన ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ఫోను కెమెరా ఫొటో మొత్తాన్ని ఒకే క్షణంలో తీయదు. సెన్సర్ మీద పిక్సెళ్లు వరుసలుగా ఉంటాయి. ముందు పై వరుస వెలుతురుని నమోదు చేసుకుంటుంది, కాస్త ఆగి దాని కింది వరుస, ఇంకాస్త ఆగి ఆ కిందిది. ఇలా చివరి వరుస దాకా వెళ్తుంది. దీన్ని రోలింగ్ షటర్ అంటారు. తిరుగుతున్న ఫ్యాను రెక్కలు ఫొటోలో వంకర్లు పోయి పడటం నువ్వు చూసే ఉంటావు. కారణం ఇదే: పై వరుస చూసినప్పుడు రెక్క ఒకచోట ఉంది, కింది వరుస చూసేసరికి ఇంకోచోటికి జరిగిపోయింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. వీడియోలో 1080 వరుసలు ఉన్నాయి, వరుసకీ వరుసకీ మధ్య 25 మైక్రోసెకన్ల తేడా ఉంది అనుకో. లైటు సెకనుకు 1,000 సార్లు వెలిగి ఆరుతుంటే, 500 మైక్రోసెకన్లు వెలుగు, 500 మైక్రోసెకన్లు చీకటి. 500ని 25తో భాగిస్తే 20. అంటే 20 వరుసలు లైటు వెలిగి ఉండగా చూస్తాయి, తర్వాతి 20 వరుసలు అది ఆరి ఉండగా చూస్తాయి. ఫొటోలో ఆ లైటు బొమ్మ మీద తెల్ల చార, నల్ల చార, మళ్లీ తెల్ల చార పడతాయి. లైటు వేగం 2,000కి పెంచితే ఒక్కో చార మందం 10 వరుసలకు తగ్గుతుంది. కెమెరా తీసేది 30 ఫొటోలే, నిజమే. కానీ ఒక్కో ఫొటోలో 1080 వేర్వేరు క్షణాలు దాగి ఉన్నాయి.

అంతటితో లైటుకి మాట వచ్చినట్టే. ఏ చార ముందు, ఏ చార వెనక అన్న వరుసలో ఒక నంబరును దాచవచ్చు. ఒక బిట్‌కి (నంబరులోని ఒక్కో 0కి గానీ 1కి గానీ) ముందు సగం వెలిగి తర్వాతి సగం ఆరితే 1, ముందు ఆరి తర్వాత వెలిగితే 0 అనుకుంటే, ఏ నంబరు పంపినా లైటు వెలిగిన సమయమూ ఆరిన సమయమూ సమానంగా ఉంటాయి. గదిలో వెలుతురు హెచ్చుతగ్గులు కావు. దీన్ని మాంచెస్టర్ కోడింగ్ అంటారు.

ఇంకో చిన్న చిక్కు చూడు. 1080 వరుసలను 25 మైక్రోసెకన్లతో గుణిస్తే 27 మిల్లీసెకన్లు. సెకనుకు 30 ఫొటోలంటే ఒక్కో ఫొటోకి 33 మిల్లీసెకన్లు. మధ్యలో దాదాపు 6 మిల్లీసెకన్ల పాటు కెమెరా ఏమీ చూడదు. ఆ సమయంలో లైటు చెప్పింది పోతుంది. అందుకే లైటు ఒకసారి చెప్పి ఊరుకోదు, తన నంబరునే ఆపకుండా మళ్లీ మళ్లీ పంపుతుంది. "నేను 47, నేను 47, నేను 47." అంతకు మించి దానికి ఏమీ తెలియదు. 47 అంటే ఏ గదిలో ఏ మూల అన్నది ఫోనులో ఉన్న మ్యాప్‌కి తెలుసు.

ప్రశ్న: మా గదిలోని ఎల్‌ఈడీ బల్బు వైపు ఫోను పెట్టి చూశాను. బల్బు తెల్లటి ముద్దలా కనిపించింది తప్ప చారలు లేవు. నా ఫోనులో లోపమా? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మీ ఫోను బాగానే ఉంది. కెమెరా మామూలు మోడ్‌లో ఉంటే గదిలోని వెలుతురుని బట్టి షటర్‌ను సెకనులో 30వ వంతో, 50వ వంతో తెరిచి ఉంచుతుంది. అంతసేపట్లో లైటు ఎన్నోసార్లు వెలిగి ఆరుతుంది, ప్రతి వరుసా వెలుగునీ చీకటినీ కలిపేసుకుంటుంది. అన్ని వరుసలూ ఒకేలా కనపడతాయి. చార పడాలంటే ఒక్కో వరుస తెరిచి ఉండే సమయం, లైటు ఒకసారి వెలిగి ఉండే సమయం కంటే తక్కువ కావాలి.

ప్రో మోడ్‌లోకి వెళ్లి షటర్ స్పీడ్ 1/4000కో 1/8000కో మార్చండి. చిత్రం నల్లబడిపోతుంది, కంగారు పడకండి, అది కావాల్సిందే. బల్బుకి దగ్గరగా, స్క్రీన్ నిండేలా పట్టుకోండి. వెలుతురు తగ్గించుకునే వీలున్న ఎల్‌ఈడీ లైటు ఉంటే దాన్ని సగానికి తగ్గించి చూడండి. అలాంటి లైట్లు చాలావరకు వేగంగా వెలిగి ఆరుతూనే వెలుతురు తగ్గించుకుంటాయి, కాబట్టి స్క్రీన్ మీద అడ్డచారలు గీత గీసినట్టు దిగుతాయి. ఫోనును 90 డిగ్రీలు తిప్పితే ఆ చారలూ ఫోనుతో పాటే తిరుగుతాయి. చారలు బల్బువి కావు, సెన్సర్ వరుసలవి అని అప్పుడు కళ్లారా తెలుస్తుంది. మొదటిసారి చూసే ఎవరికైనా నేను ముందు చూపించేది ఇదే.

మామూలు బల్బుల్లో మంచి డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్) ఉంటే కరెంటును నునుపు చేసి ఇస్తుంది, అప్పుడు చారలు కనపడవు. నాసిరకం డ్రైవర్ అయితే 50 హెర్ట్జ్ కరెంటు (అంటే సెకనుకు 50 ఆవృత్తులు, ఒక్కోదానిలో రెండు శిఖరాలు) మీద సెకనుకు 100 సార్లు వెలుతురు పెరిగి తగ్గుతుంది, వెడల్పాటి మసక పట్టీలు మెల్లగా కదులుతూ కనిపిస్తాయి. వాటిలో సమాచారం ఏమీ ఉండదు.

ప్రశ్న: లెక్కల టీచరుని. లైటు తన నంబరు చెప్పింది, మ్యాప్‌లో దాని చోటు దొరికింది. కానీ అది లైటు ఉన్న చోటు కదా, నేను ఉన్న చోటు కాదు. లైటు నుంచి నా దాకా దూరం ఎలా వస్తుంది? సిగ్నల్ బలం చూస్తారా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: నమస్కారం మాస్టారూ. సిగ్నల్ బలం మీద ఆధారపడాల్సిన పని లేదు, కెమెరా వాడటంలో ఉన్న గొప్ప లాభం అదే. మీరు బోర్డు మీద రోజూ గీసే సరూప త్రిభుజాలే ఇక్కడా పనిచేస్తాయి.

ఫోనును అరచేతిలో, స్క్రీన్ పైకి ఉండేలా సమతలంగా పట్టుకున్నారనుకోండి. సెల్ఫీ కెమెరా సీలింగ్‌ను చూస్తోంది. దాని ఫోకల్ లెంగ్త్ (సుమారుగా లెన్సు నుంచి సెన్సర్ దాకా దూరం) పిక్సెళ్లలో చెబితే 1,500 అనుకుందాం. పైన రెండు లైట్లు, వాటి మధ్య దూరం 1.2 మీటర్లని మ్యాప్ చెబుతోంది. చిత్రంలో వాటి మధ్య 900 పిక్సెళ్లు ఉన్నాయి. అయితే సీలింగ్ ఎత్తు, ఫోను నుంచి, 1,500 × 1.2 ÷ 900 = 2 మీటర్లు. ఇప్పుడు ఒక లైటు చిత్రం మధ్య బిందువు నుంచి 300 పిక్సెళ్లు పక్కకి ఉందనుకోండి. 300 × 2 ÷ 1,500 = 0.4. అంటే మీరు ఆ లైటుకి సరిగ్గా కింద లేరు, 40 సెంటీమీటర్లు పక్కన ఉన్నారు. ఏ వైపుకి అన్నది రెండు లైట్లను కలిపే గీత చిత్రంలో ఎటు తిరిగి ఉందో చూస్తే తెలిసిపోతుంది. చోటుతో పాటు మీ ముఖం ఎటు ఉందో కూడా వచ్చేసింది.

ఈ లెక్కలో ఒక పిక్సెల్ అంటే సుమారు 1.3 మిల్లీమీటర్లు. అంత కచ్చితత్వం చేతికి వస్తుందా అంటే రాదు. ఫోను ఎవరి చేతిలోనూ నిక్కచ్చిగా సమతలంగా ఉండదు. ఒక్క డిగ్రీ వంగితే, 2 మీటర్ల ఎత్తులో లెక్క 3.5 సెంటీమీటర్లు తప్పుతుంది. ఐదు డిగ్రీలు వంగితే 17 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ వంపును రెండు రకాలుగా సరిచేస్తాం. ఫోనులోని యాక్సిలరోమీటర్ భూమి ఎటు లాగుతోందో చెబుతుంది కాబట్టి దాన్నుంచి వంపు తెలుసుకోవచ్చు. లేదా మూడు, వీలైతే నాలుగు లైట్లు ఒకే చిత్రంలో కనిపిస్తే వంపు కూడా లెక్కలోంచే బయటికి వస్తుంది.

మీరు పిల్లలకు ఇవ్వదగ్గ సమస్య ఒకటి చెబుతాను. మూడు లైట్లు కనపడినా అవి ఒకే సరళరేఖ మీద ఉంటే? ఆ రేఖను ఇరుసుగా చేసుకుని ఫోను దాని చుట్టూ తిరిగినా చిత్రం మారదు. అంటే లెక్కకు ఒకే జవాబు ఉండదు. కాగితం మీద ఇది అరుదైన సందర్భంలా అనిపిస్తుంది. పొడవాటి వరండాల్లో మాత్రం సీలింగ్ లైట్లన్నీ మధ్యలో ఒకే వరుసలోనే ఉంటాయి! అక్కడ యాక్సిలరోమీటర్ సాయం లేకపోతే పని జరగదు. పాత భవనంలో కొత్తగా ఫిట్టింగులు పెట్టేటప్పుడు కాస్త ఎడంగా, జిగ్‌జాగ్‌గా పెట్టమని నేను బతిమాలేది ఇందుకే.

కచ్చితత్వం సంగతికొస్తే, 2014లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లక్సాపోజ్ అనే పద్ధతిని ప్రచురించారు. మార్చిన ఎల్‌ఈడీ లైట్లతో, మామూలు స్మార్ట్‌ఫోనుతో చోటును డెసీమీటర్ స్థాయిలో, అంటే పదుల సెంటీమీటర్ల లెక్కలో చెప్పగలిగారు. దిశలో తేడా మూడు డిగ్రీల దగ్గర ఉంది. ఇవి పరిశోధనశాల అంకెలు. జనం తిరిగే భవనంలో, లెన్సు మీద వేలిముద్రలున్న ఫోనుతో, అర మీటరు వచ్చినా నేను సంతోషిస్తాను.

ప్రశ్న: ఇది లై-ఫై అనేదేనా? – ఇద్దరు ముగ్గురు అడిగారు

జవాబు: చుట్టాలే గానీ ఒకటి కాదు. లై-ఫై అంటే వెలుతురుతో ఇంటర్నెట్. 2011లో హరాల్డ్ హాస్ అనే ప్రొఫెసర్ తన ప్రసంగంలో టేబుల్ లైటు కింద వీడియో నడిపి చూపించాక ఆ పేరు అందరి నోటా పడింది. దానికి వేగంగా స్పందించే ప్రత్యేక రిసీవర్ కావాలి. మనం చెప్పుకుంటున్నదానికి నంబరు చదివితే చాలు, చేతిలో ఉన్న కెమెరా సరిపోతుంది. వెలుతురు మీద మాట పంపడం అనే ఆలోచన మాత్రం చాలా పాతది. అలెగ్జాండర్ గ్రాహం బెల్, చార్ల్స్ సమ్నర్ టెయింటర్ 1880లోనే ఫోటోఫోన్ అనే పరికరంతో సూర్యకాంతి మీద గొంతును 213 మీటర్ల దూరం పంపారు.

ప్రశ్న: మా అమ్మాయికి మైగ్రేన్ ఉంది. ట్యూబులైటు వణికినా తట్టుకోలేదు. రేపు ప్రతి భవనంలోనూ లైట్లు ఇలా కొట్టుకుంటుంటే అలాంటి పిల్లల గతేమిటి? మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. – ఒక తల్లి

జవాబు: అడిగి మంచిపని చేశారమ్మా. మీ టెన్షన్ న్యాయమైనదే. వెలుతురు వణుకు వల్ల తలనొప్పి రావడం వట్టి అనుమానం కాదు. ఇంగ్లండులో ఆఫీసు ఉద్యోగుల మీద 1989లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సెకనుకు 100 సార్లు వణికే పాత చోక్ ట్యూబులైట్లను తీసి అధిక వేగంతో పనిచేసే వాటిని పెట్టాక తలనొప్పులు, కంటి ఒత్తిడి సగానికి పైగా తగ్గాయి. గమనించండి, సెకనుకు 100 సార్ల వణుకు చాలామంది కంటికి కనపడనే కనపడదు. కనపడకపోయినా బాధించింది.

కాబట్టి "కంటికి తెలియదు కదా" అన్న మాటతో ఎవరైనా సరిపెట్టబోతే ఒప్పుకోకండి. చూడాల్సింది రెండు: ఎంత వేగం, ఎంత లోతు. వేగం అంటే సెకనుకు ఎన్నిసార్లు. లోతు అంటే పూర్తిగా ఆరిపోతోందా, కొంచెం మాత్రమే తగ్గుతోందా అని. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ 2015లో ‘1789’ అనే నంబరుతో ఇచ్చిన సిఫారసుల ప్రకారం, 1,250 హెర్ట్జ్ దాటితే పూర్తిగా వెలిగి ఆరినా ప్రమాదం తక్కువ. 3,000 హెర్ట్జ్ దాటితే ప్రభావం ఉండదని లెక్క. 1,000 హెర్ట్జ్ దగ్గర అయితే పూర్తిగా ఆరనివ్వకూడదు. మొదటి జవాబులో నేను 1,000 హెర్ట్జ్ తీసుకున్నది గుణకారం తేలికగా ఉంటుందని. నా చేతిలో ఉంటే 3,000 కంటే తక్కువ పెట్టను. ఆ వేగంలోనూ ఒక వెలుగు-చీకటి జతకి 13 వరుసలు వస్తాయి, కెమెరా హాయిగా చదువుకుంటుంది.

ఇంకొకటి. కన్ను కదలకుండా ఉన్నప్పుడు కనపడనిది, చూపును చటుక్కున పక్కకి తిప్పినప్పుడు చుక్కల గీతలా కనపడవచ్చు. కొందరికి 1,000 హెర్ట్జ్ దాటినా ఇది కనపడుతుంది. మీ అమ్మాయి ఏదైనా గదిలో ఇబ్బంది పడితే ఆమె మాటే కొలమానం. అది ఏ రకం లైటో భవనం వాళ్లను అడగండి. చాలాసార్లు తేలేదేమిటంటే, అవి నంబరు చెప్పే లైట్లు కానే కావు, నాసిరకం డ్రైవర్లున్న మామూలు లైట్లు.

ప్రశ్న: ఒక పెద్ద మ్యూజియం నిర్వహణ చూస్తుంటాను. సందర్శకులు దారి తప్పుతున్నారు. వై-ఫై ఉంది, బ్లూటూత్ బీకన్ల వాళ్లు వచ్చి మాట్లాడారు, ఇప్పుడు మీరు లైట్లంటున్నారు. ఏది మంచిది? ముందుగా ఏం చూసుకోవాలి? – ఒక నిర్వాహకుడు

జవాబు: మొదట జీపీఎస్ ఎందుకు కుదరదో ఒక్క మాటలో. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. నేల చేరేసరికే వాటి సిగ్నల్ చాలా బలహీనపడుతుంది, కాంక్రీటు శ్లాబు దాటి రాలేదు.

వై-ఫై బలాన్ని బట్టి అంచనా వేస్తే తేడా మీటర్లలో ఉంటుంది, పైగా గోడ దాటి పక్క గదిలోనూ సిగ్నల్ వస్తుంది కాబట్టి మీరు ఏ గదిలో ఉన్నారన్నదే తారుమారు కావచ్చు. వై-ఫైలోనే సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలిచే పద్ధతి ఉంది, 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లు దాన్ని వాడుకోగలవు. ఒకటి రెండు మీటర్లకు దిగుతుంది, కానీ రూటర్లూ ఫోన్లూ దానికి తగ్గవి కావాలి. బ్లూటూత్ బీకన్లు (తమ నంబరును రేడియోలో పంపే చిన్న పరికరాలు) తేలిక, గోడకి అంటిస్తే అయిపోయింది. వాటిలో బ్యాటరీలుంటాయి, ఎప్పటికప్పుడు మార్చే మనిషి కావాలి. చుట్టూ జనం మూగితే మనుషుల ఒళ్లే ఆ సిగ్నల్‌ను పీల్చేస్తాయి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే ఇంకో రేడియో పద్ధతి పదుల సెంటీమీటర్ల కచ్చితత్వం ఇస్తుంది, కానీ ఆ చిప్ అన్ని ఫోన్లలో లేదు.

లైట్ల బలం ఏమిటంటే గోడ దాటవు. 47వ నంబరు కనపడిందంటే మీరు ఆ గదిలోనే ఉన్నారు, సందేహం లేదు. బ్యాటరీలు లేవు. వెలుతురు ఎలాగూ కావాలి. మీ మ్యూజియంలో ఒకే గోడ మీద పక్కపక్కనే ఉన్న రెండు చిత్రాల్లో సందర్శకుడు దేని ముందు నిలబడ్డాడో చెప్పాలంటే నేను లైట్లకే ఓటేస్తాను. 2015లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కార్ఫూర్ హైపర్‌మార్కెట్‌లో ఫిలిప్స్ సంస్థ 2.5 కిలోమీటర్ల పొడవున ఇలాంటి ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, వినియోగదారులను ఆఫర్లున్న చోటికి ఫోను ద్వారా నడిపించింది. కాబట్టి పెద్ద ఎత్తున చేయడం సాధ్యమే.

మరి ఎందుకు అన్ని చోట్లా లేదు? పాత ఫిట్టింగులు అలాగే ఉంచి చేయలేం. వేగంగా వెలిగి ఆరగలిగే డ్రైవర్ ప్రతి లైటులోనూ ఉండాలి. భవనం లైట్లు ఎలాగూ మార్చే సమయంలో అయితే ఇది మంచి బేరం, కేవలం దారి చూపడం కోసం అయితే భారం. మీ లైట్లు ఈమధ్యే మార్చి ఉంటే బీకన్లతో మొదలుపెట్టండి. నేను అమ్మేవాళ్ల తరఫున మాట్లాడటం లేదు.

మార్చబోతుంటే లైటు సైజు, సీలింగ్ ఎత్తు చూడండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. లైటు చిత్రంలో ఎన్ని వరుసలు ఆక్రమిస్తే అన్ని చారలే చదవగలం. పైన మాస్టారికి చెప్పిన, 1,500 పిక్సెళ్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న అదే కెమెరాతో, 2 మీటర్ల పైన ఉన్న 60 సెంటీమీటర్ల ప్యానెల్ 450 వరుసలు పడుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర 11 జతల చారలు, అంటే దాదాపు 11 బిట్లు. నంబరు ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడానికి నాలుగు పోయినా మిగిలిన ఏడు బిట్లతో 128 లైట్లకు పేర్లు పెట్టవచ్చు. అదే ప్యానెల్ ఫోనుకి 8 మీటర్ల పైన ఉండే ఎత్తైన హాలులో అయితే 112 వరుసలకు కుంచించుకుపోతుంది. మూడు జతలు కూడా రావు. 15 సెంటీమీటర్ల గుండ్రటి డౌన్‌లైటు అయితే 2 మీటర్ల దగ్గరే ఆ పరిస్థితి. మ్యూజియాలు చిన్న స్పాట్‌లైట్లు ఇష్టపడతాయి కాబట్టి మీకు ఇది ముఖ్యం. అలాంటి చోట వేగం పెంచాలి, లేదా నంబర్లు చిన్నవి చేసి, ఒకే నంబరును రెండు మూడు చోట్ల వాడి, పక్కనున్న లైట్ల నంబర్లతో కలిపి చూసి ఏ చోటో తేల్చుకోవాలి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది మ్యాప్ గురించి. ఒక పెద్ద భవనంలో అంతా బిగించి, సరిచూసి, అప్పగించాం. కొన్నాళ్లకు ఫోను మీద చుక్క ఒక వరండాలో ఉన్నట్టుండి పక్క వరండాకి దూకుతోందని కబురొచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు తలలు పట్టుకున్నారు. నేను నిచ్చెన ఎక్కి, ప్యానెల్ కిందికి దింపి, వెనక అంటించిన స్టిక్కర్ చదివాను. మ్యాప్ ప్రకారం ఆ నంబరు అక్కడ ఉండనే కూడదు. ఒక లైటు కాలిపోతే ఎలక్ట్రీషియన్ ఎవరూ పెద్దగా తిరగని వరండాలోంచి ఒకటి విప్పి ఇక్కడ బిగించాడు. అతను చేసింది మంచి పనే, చీకటిగా ఉన్న చోట వెలుతురు తెచ్చాడు. లైటుకి నంబరు ఉందని, అది చోటుతో ముడిపడి ఉందని ఆ భవనం వాళ్లు అతనికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ ప్రశ్న అడగండి: లైటు మార్చినప్పుడు నంబరు ఎవరు మారుస్తారు, ఎంతసేపట్లో? కొత్త లైటుకి పాత నంబరు ఎక్కించే చిన్న పరికరం మీ ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాలి, అతనికి అది నేర్పాలి. దీనికి సూటిగా జవాబు చెప్పలేని వాళ్లతో కచ్చితత్వం గురించి మాట్లాడి లాభం లేదు.

ప్రశ్న: అంటే ఇకమీదట లైట్లు కూడా మనల్ని కనిపెడతాయా? – ఒక పాఠకుడు

జవాబు: లైటు చూడదు, వినదు. తన నంబరు పంపుతుందే గానీ ఎవరు చదివారో దానికి తెలియదు. లెక్క మొత్తం ఫోనులోనే జరగగలదు. జాగ్రత్త పడాల్సింది యాప్ విషయంలో. అది మీ చోటును బయటికి పంపుతోందా, వాడటం అయిపోయాక కూడా కెమెరా అనుమతి అలాగే ఉంచేశారా చూసుకోండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నాక ఇంటర్నెట్ ఆపేసి కూడా దారి చూపగలిగితే అది మంచి యాప్.

ప్రశ్న: నాకు పుట్టుకతో చూపు లేదు. మీ వ్యాసం స్క్రీన్ రీడర్‌తో విన్నాను. వీధిలో జీపీఎస్ సాయంతో ఎక్కడికైనా వెళ్తాను. భవనం గుమ్మం దాటితే మాత్రం ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిందే. ఈ లైట్లు నాకు పనికొస్తాయా? ఫోను జేబులో పెట్టుకుంటే చాలా? – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీ ఉత్తరానికి జవాబు రాయడానికే ఈ కాలమ్ మొదలుపెట్టానంటే నమ్మండి.

జేబులో పెట్టుకుంటే పనిచేయదు. కెమెరాకి లైటు కనపడాలి. ఫోనును మెడలో పట్టీతో వేలాడదీసుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కర్ర పట్టుకోవచ్చు. కానీ అప్పుడు కెమెరా ఎదురుగోడను చూస్తుంది, సీలింగ్ కాదు. పట్టీని కాస్త వెనక్కి వాలేలా సర్దుకుంటే ముందున్న లైట్లు ఏటవాలుగా కనపడతాయి. అరచేతిలో స్క్రీన్ పైకి పట్టుకుంటే సెల్ఫీ కెమెరా పైకి, వెనక కెమెరా నేలకి ఉంటాయి. లేతరంగు నేల మీద పడిన వెలుతురులోనూ అవే చారలుంటాయి, వెనక కెమెరా వాటిని చదవగలదు. దాంతో వచ్చేది సెంటీమీటర్ల లెక్క కాదు, ఏ లైటు కింద ఉన్నారన్నంతవరకే. గది తెలుసుకోవడానికి అది చాలు.

కెమెరా ఎప్పుడూ తెరిచి ఉంచితే ఫోను వేడెక్కుతుంది, చార్జింగ్ కరిగిపోతుంది. మంచి యాప్ అప్పుడప్పుడు ఒక చిత్రం తీసి చోటు పట్టుకుని, మధ్యలో మీ అడుగులనూ మలుపులనూ ఫోనులోని సెన్సర్లతో లెక్కపెడుతుంది. అడుగుల లెక్క పోనుపోను తప్పుతుంది, తర్వాతి లైటు దాన్ని సరిదిద్దుతుంది.

మీకు చోటు కంటే దిశ ముఖ్యమని నా అభిప్రాయం. వీధిలో నడుస్తుంటే జీపీఎస్ మీరు కదిలే తీరును బట్టి దిశ చెబుతుంది. లిఫ్టులోంచి బయటికొచ్చి నిలబడ్డారు, ఇప్పుడు మీ ముఖం ఎటుంది? నిలబడిన మనిషికి జీపీఎస్ దిశ చెప్పలేదు, భవనాల లోపల ఇనుము దగ్గర ఫోను దిక్సూచి తప్పుతుంది. సీలింగ్ మీద రెండు లైట్లు కనపడితే చాలు, ఒక్క అడుగు కదపకుండానే మీరు ఎటు తిరిగి ఉన్నారో కెమెరా చెబుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు తలుపుల్లో మీది కుడివైపుదా ఎడమవైపుదా అన్నది కూడా. ఈ రెండూ చెప్పగలదు కాబట్టే నేను ఈ పద్ధతి మీద ఇంత నమ్మకం పెట్టుకున్నాను. కర్ర మాత్రం వదలకండి. దారిలో అడ్డంగా పెట్టిన కుర్చీ గురించి లైటుకి ఏమీ తెలియదు.

మీరు రోజూ వెళ్లే భవనంలో ఇలాంటి లైట్లు పెట్టాలని ఆలోచిస్తుంటే మూడు విషయాలు వాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ఎవరికీ తట్టవు. మనిషి అలికిడి లేకపోతే వాటంతటవే ఆరిపోయే లైట్లు వరండాల్లో ఉంటే, మీరు అడుగుపెట్టిన మొదటి క్షణాల్లో ఫోనుకి ఏ నంబరూ అందదు. పూర్తిగా ఆర్పకుండా తగ్గించి ఉంచమనండి. కరెంటు పోయినప్పుడు వెలిగే ఎమర్జెన్సీ లైట్లు కూడా నంబరు చెప్పేవే అయి ఉండాలి. ఇక మ్యాప్‌లో గదుల పేర్లు ఉంటే సరిపోదు: తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, లిఫ్టు బటన్లు ఏ వైపున్నాయి, మెట్లు ఎన్ని, ఇవన్నీ ఎక్కించాలి. ఆ వివరాలు రాసేవాళ్ల పక్కన మీరో మీలాంటి వాళ్లో ఒక పూట కూర్చోవడం మంచిది.